మాంసకృత్తు ఆనవాలు

వ్యాధి సోకిన కణమునందు క్రొత్తగా కానవచ్చిన మాంసకృత్తు, అనగా ప్రోటీను, ఏదియో తేలనిదే పరిశోధన ముందునకు సాగదు. దానిని తేల్చు యంత్రము ప్రతి శాఖయు కొనగలిగినది కాదు. అందుచే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయము ఉమ్మడి ప్రయోగశాల నొకదానిని నడుపుచున్నది.

ట్రిప్సిన్ అను ఎంజైము, లైసిన్, ఆర్జినిన్ తగిలినచోట్ల మాంసకృత్తును త్రుంచును. ఆ తునుకలున్న ద్రవమును విద్యుదావేశము గల తుంపరలుగా చిమ్మి, తునుకల బరువు తూచెదరు. (ఈ ఉపాయము యేల్‌లోనే ఫలించినది, అందులకు జాన్ ఫెన్ 2002లో నోబెల్ బహుమానమున భాగమందెను.) ఆ బరువులను, తెలిసిన మాంసకృత్తుల పట్టికతో సరిచూచినచో పేరు బయల్పడును.

మాకు వింతగా తోచినది మరియొకటి. మన చర్మమును, వెండ్రుకలును కెరాటిన్ అను మాంసకృత్తుతో నిండినవి. తొడుగులేని చేతితో నమూనాను ముట్టినచో, యంత్రము రోగి సంగతి విడిచి, ముట్టిన వ్రేలినే ఘనముగా పేర్కొనును! అట్టి నమూనా మరల దొరకుట అరుదు.