భాగం – 7: ప్రైవేట్ డిటెక్టివ్ వృత్తి – లైసెన్స్, చట్టపరమైన పరిమితులు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్ వృత్తికి సంబంధించిన చట్టపరమైన స్థితిని వివరించగలుగుతారు.
• భద్రతా సంస్థ లైసెన్స్‌కూ, డిటెక్టివ్ సంస్థ నమోదుకూ గల తేడాను గుర్తించగలుగుతారు.
• లైసెన్స్ విధానం ఎలా పనిచేస్తుందో కాలిఫోర్నియా ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• డిటెక్టివ్ చేయదగిన, చేయకూడని పనులను వేరు చేయగలుగుతారు.

7.1 పరిచయం

‘ప్రభుత్వ లైసెన్స్ పొందిన డిటెక్టివ్ ఏజెన్సీ’ అనే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. ‘మా కోర్సు చేయండి, లైసెన్స్ ఇప్పిస్తాం’ అనే ప్రకటనలు కూడా కనిపిస్తాయి. అలాంటి కోర్సుకు డబ్బు కట్టే ముందు మీరు ఒక విషయం తెలుసుకోవాలి. భారతదేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌లకు లైసెన్స్ ఇచ్చే ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. చట్టం లేనప్పుడు దాని కింద లైసెన్స్ ఇచ్చే అధికారి కూడా ఉండడు.

అలాగని ఈ వృత్తి నిషిద్ధం కాదు. రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం పౌరులకు తమకు నచ్చిన వృత్తిని చేపట్టే హక్కు ఇచ్చింది. అందువల్ల మీరు డిటెక్టివ్‌గా పనిచేయవచ్చు. కాని మీకు పోలీసు అధికారాలేవీ రావు. ఒక సాధారణ పౌరుడు చేయకూడని పనిని డిటెక్టివ్ కూడా చేయకూడదు. ఈ భాగమంతటికీ ఇదే మూలసూత్రం.

7.2 మన దేశంలో చట్టపరమైన స్థితి

7.2.1 భద్రతా సంస్థల చట్టం, 2005

ప్రైవేట్ భద్రతా సంస్థల (నియంత్రణ) చట్టాన్ని పార్లమెంటు 2005లో చేసింది. వ్యక్తులకు, ఆస్తులకు కాపలా కల్పించే సంస్థలకు ఇది వర్తిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నియంత్రణాధికారి ఈ లైసెన్స్ ఇస్తాడు. దీని కాలపరిమితి 5 సంవత్సరాలు. చట్టంలో పేర్కొన్న రుసుము ఒక జిల్లాకు రూ.5,000, రెండు నుంచి ఐదు జిల్లాలకు రూ.10,000, రాష్ట్రమంతటికీ రూ.25,000.

చాలా ప్రకటనల్లో గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. ఒకే సంస్థ కాపలా సేవలు, డిటెక్టివ్ సేవలు రెండూ అందిస్తున్నప్పుడు దానికి ఉన్న లైసెన్స్ కాపలా పనికి మాత్రమే చెల్లుతుంది. పరిశోధన పనికి అది అనుమతిపత్రం కాదు.

7.2.2 డిటెక్టివ్ సంస్థల బిల్లు, 2007

ప్రైవేట్ డిటెక్టివ్ సంస్థల (నియంత్రణ) బిల్లును 2007లో రాజ్యసభలో ప్రవేశపెట్టారు. కేంద్రంలోనూ, రాష్ట్రాల్లోనూ నియంత్రణ బోర్డులు ఏర్పాటు చేయాలనీ, లైసెన్స్ లేకుండా డిటెక్టివ్ సంస్థ నడపకూడదనీ ఆ బిల్లు ప్రతిపాదించింది. దానిని పార్లమెంటరీ స్థాయీ సంఘం పరిశీలించింది. అయితే బిల్లు చట్టం కాలేదు. తరువాత ప్రభుత్వం దానిని ఉపసంహరించుకుంది.

7.2.3 నమోదు వేరు, లైసెన్స్ వేరు

కంపెనీల చట్టం, 2013 కింద కంపెనీని నమోదు చేయడం, దుకాణాలు–సంస్థల చట్టం కింద నమోదు, పాన్, జీఎస్టీ నమోదు వంటివి ఏ వ్యాపారానికైనా వర్తించేవే. సేవల వార్షిక టర్నోవరు రూ.20 లక్షలు దాటితే తెలుగు రాష్ట్రాల్లో జీఎస్టీ నమోదు తప్పనిసరి. ఇవి మీ వ్యాపారాన్ని చట్టబద్ధం చేస్తాయి. మీ పరిశోధనా సామర్థ్యానికి ప్రభుత్వం ఇచ్చిన హామీగా వీటిని చూపడం ఖాతాదారును మోసగించడమే. వృత్తి సంఘాల సభ్యత్వానికీ ఇదే మాట వర్తిస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
ఒక సంస్థ తన జీఎస్టీ ధ్రువపత్రాన్ని ‘డిటెక్టివ్ లైసెన్స్’ అని చూపింది. ఇది సరైనదేనా? ఎందుకు?

7.3 లైసెన్స్ ఉన్న చోట: కాలిఫోర్నియా

లైసెన్స్ వల్ల ఒనగూడేది ఏమిటో తెలియాలంటే ఆ విధానం అమలులో ఉన్న ఒక ప్రాంతాన్ని పరిశీలించాలి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో భద్రతా, పరిశోధనా సేవల బ్యూరో ఈ లైసెన్స్ ఇస్తుంది. అభ్యర్థికి కనీసం 18 సంవత్సరాలు నిండాలి. వేలిముద్రల ఆధారంగా రాష్ట్ర న్యాయశాఖ, ఎఫ్.బి.ఐ. అతని నేరచరిత్రను పరిశీలిస్తాయి. పరిశోధన పనిలో 3 సంవత్సరాల, అంటే 6,000 గంటల, వేతనంతో కూడిన అనుభవం చూపాలి. న్యాయశాస్త్ర పట్టా ఉన్నవారికి, పోలీసు శాస్త్రంలో నాలుగేళ్ల పట్టా ఉన్నవారికి 4,000 గంటలు చాలు. ఆ తరువాత రెండు గంటల బహుళైచ్ఛిక పరీక్ష ఉంటుంది. చట్టాలు, సాక్ష్యాధారాల నిర్వహణ, నిఘా వంటి అంశాలపై ప్రశ్నలు వస్తాయి.

ఈ విధానంలో మూడు ప్రయోజనాలు ఉన్నాయి. మొదటిది, అనుభవం లేనివారు సొంతంగా వృత్తిలోకి రాలేరు. రెండవది, నేరచరిత్ర ముందే బయటపడుతుంది. మూడవది, డిటెక్టివ్ తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికీ, లైసెన్స్ రద్దు చేయడానికీ ఒక సంస్థ ఉంటుంది. మన దేశంలో ఇలాంటి ప్రత్యేక సంస్థ లేదు. మోసపోయిన ఖాతాదారు సాధారణ న్యాయస్థానాలనూ, పోలీసులనూ, వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవలసి ఉంటుంది.

7.4 మన దేశంలో వృత్తిలో ప్రవేశించే క్రమం

ఈ వృత్తికి చట్టం నిర్దేశించిన విద్యార్హత ఏదీ లేదు. అయినా కింది క్రమం మీకు ఉపయోగపడుతుంది.

అ) చదువు: ఏదైనా డిగ్రీతోపాటు న్యాయశాస్త్రం, నేరశాస్త్రం, అకౌంటింగ్, సైబర్ భద్రతలలో ఒకదానిపై పట్టు సంపాదించండి.

ఆ) అనుభవం: ఉద్యోగుల పూర్వాపరాలు పరిశీలించే సంస్థల్లో, బీమా క్లెయిముల విచారణలో, న్యాయవాదుల కార్యాలయాల్లో పనిచేస్తే రికార్డులు వెతకడం, నివేదిక రాయడం అలవడతాయి.

ఇ) సంస్థ నమోదు: 7.2.3లో చెప్పిన నమోదులు పూర్తిచేయండి.

ఈ) రాతపూర్వక ఒప్పందం: పని పరిధి, రుసుము, గోప్యత, చేయని పనుల జాబితా అందులో ఉండాలి. ఖాతాదారు గుర్తింపు పత్రాన్నీ, విచారణ కోరడానికి కారణాన్నీ నమోదు చేసుకోండి. పగ సాధించడానికి ఒకరి చిరునామా కోరేవారు కూడా మీ దగ్గరకు రావచ్చు.

7.5 పరిమితులు: ఒక ఉదాహరణ

ఒక తండ్రి మీ దగ్గరకు వచ్చాడనుకోండి. కూతురికి వచ్చిన సంబంధం గురించి విచారించమన్నాడు. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం, సొంత ఫ్లాటు ఉన్నాయని మధ్యవర్తి చెప్పాడు. మీరేం చేయవచ్చు?

ఫ్లాటుపై తనఖా ఉందేమో తెలుసుకోవడానికి రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈ.సి. తీసుకోవచ్చు. కోర్టు కేసులను ఈ–కోర్ట్స్ సేవలలో వెతకవచ్చు. అతను తాను ఒక కంపెనీ డైరెక్టరునని చెప్పుకుంటే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ రికార్డులు చూడవచ్చు. ఇరుగుపొరుగు వారిని, వారు ఇష్టపడితే, మర్యాదగా అడగవచ్చు.

కింది పనులు మాత్రం చేయకూడదు:

• ఫోన్ కాల్ వివరాలు కొనడం. 2018లో మహారాష్ట్రలోని థాణే పోలీసులు ఇలాంటి రికార్డులను అక్రమంగా సంపాదించి అమ్మారన్న ఆరోపణపై పలువురు ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు.
• అనుమతి లేకుండా ఒకరి ఫోన్‌లో, కంప్యూటర్‌లో నిఘా యాప్ పెట్టడం. ఇది సమాచార సాంకేతిక చట్టం, 2000 కింద నేరం.
• పోలీసుననో, ప్రభుత్వోద్యోగిననో చెప్పుకోవడం. భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద దీనికి కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 సంవత్సరాల జైలు శిక్ష, జరిమానా ఉన్నాయి.
• ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈ–మెయిల్ వాడకంపై నిఘా పెట్టడం. అదే సంహితలోని 78వ సెక్షన్ దీనిని వెంబడించడం అనే నేరంలో చేర్చింది. నేరాన్ని నివారించే బాధ్యతను రాజ్యం అప్పగించినవారికి అందులో మినహాయింపు ఉంది. మీ ఖాతాదారు రాజ్యం కాదు గనుక ఆ మినహాయింపు మీకు వర్తించదు.

గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో తీర్పు చెప్పింది. ‘పెళ్లి సంబంధమే కదా’ అన్న కారణంతో అబ్బాయి బ్యాంకు ఖాతా వివరాలు బయటికి తీయడం సమర్థనీయం కాదు.

7.6 సాక్ష్యాధారాలు

మీ నివేదిక కోర్టుకు చేరవచ్చు. ఫోటోలు, వీడియోలు ఎలక్ట్రానిక్ సాక్ష్యాలు. భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం వాటికి రెండు భాగాల ధ్రువపత్రం జతచేయాలి. ఒకటి సమర్పించే వ్యక్తి, రెండవది నిపుణుడు ఇవ్వాలి. కాబట్టి అసలు ఫైలును మార్చకుండా భద్రపరచి, తీసిన తేదీ, సమయం, పరికరం వెంటనే రాసి ఉంచండి.

భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణలను వైవాహిక వివాదాల్లో సాక్ష్యంగా పరిశీలించవచ్చని సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. ఆ సంభాషణను రికార్డు చేసింది దంపతులలో ఒకరు. మూడవ వ్యక్తి అయిన డిటెక్టివ్ వారి ఇంట్లో పరికరం అమర్చడానికి దీనిని అనుమతిగా భావించకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
ఖాతాదారు తన భార్య ఈ–మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చి, ఉత్తరాలు చదివి చెప్పమన్నాడు. మీరేం చేస్తారు?

7.7 సారాంశం

మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్ లైసెన్స్‌కు చట్టం లేదు. 2005 చట్టం కాపలా సంస్థలకు పరిమితం. 2007 బిల్లు చట్టం కాలేదు. కాలిఫోర్నియా వంటి చోట్ల లైసెన్స్ అర్హతను పరీక్షిస్తుంది, ఫిర్యాదుకు దారి చూపుతుంది. ఇక్కడ ఆ పని డిటెక్టివ్ తనకు తానే చేసుకోవాలి. ఖాతాదారును ప్రశ్నించడం, ఒప్పందం రాసుకోవడం, బహిరంగ రికార్డులకు పరిమితం కావడం, అక్రమమైన పనిని నిరాకరించడం అందుకు మార్గాలు.

7.8 సరిచూసుకోండి – సమాధానాలు

1. సరైనది కాదు. జీఎస్టీ నమోదు పన్నుకు సంబంధించినది. డిటెక్టివ్ లైసెన్స్ ఇచ్చే చట్టం లేదు.
2. నిరాకరించాలి. పాస్‌వర్డ్ భర్త ఇచ్చినంత మాత్రాన భార్య అనుమతి ఇచ్చినట్లు కాదు. న్యాయవాదిని సంప్రదించమని సూచించాలి.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. భారతదేశంలో ప్రైవేట్ డిటెక్టివ్ వృత్తి చట్టపరమైన స్థితిని కాలిఫోర్నియా విధానంతో పోల్చి వివరించండి.

II. 10 పంక్తులలో సమాధానం రాయండి.
1. నమోదుకూ, లైసెన్స్‌కూ గల తేడా ఏమిటి?
2. పెళ్లి సంబంధం విచారణలో డిటెక్టివ్ పాటించవలసిన పరిమితులు రాయండి.