ఫ్రీరేడియస్‌కి ఎస్‌క్యూలైట్ చాలు: హాస్టల్ వైఫైలో మనిషికో లాగిన్

ఓయూ దగ్గర నల్లకుంటలో మేముండే హాస్టల్లో వైఫైకి అందరిదీ ఒకటే పాస్‌వర్డ్. ఒకరు ఖాళీ చేస్తే అందరి ఫోన్లలో మార్చాలి, లేదంటే వాళ్లు గేటు బయట నిలబడి వాడేస్తారు. అందుకే రాస్‌బెర్రీ పై మీద ఫ్రీరేడియస్ పెట్టాం. (రౌటర్‌లో డబ్ల్యూపీఏ2 ఎంటర్‌ప్రైజ్ ఆప్షన్ ఉండాలి, కొనేముందే చూసుకోండి.)

నలభై మందికి మైఎస్‌క్యూఎల్ దండగ. ఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌లో డ్రైవర్‌ని ఎస్‌క్యూలైట్‌కి మారిస్తే డేటాబేస్ అంతా ఒక్క ఫైలే. పర్మిషన్ మాత్రం ఫైలుకే కాదు, ఫోల్డర్‌కీ ఇవ్వాలి. జర్నల్ ఫైలు అక్కడే పుడుతుంది. రాడ్‌చెక్ టేబుల్‌లో మనిషికో వరస. ఖాళీ చేసినవాళ్ల వరస తీసేస్తే సరి, కాకపోతే అప్పటికే కనెక్టయిన ఫోన్ మళ్లీ లాగిన్ అయ్యేదాకా తెగదు.

నాకున్న భయం ఒక్కటే. ఫోన్లలో మామూలుగా వాడే పీప్-ఎంఎస్‌చాప్‌వీ2కి బీక్రిప్ట్ పనికిరాదు. పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగానో, ఎన్‌టీ హ్యాష్‌గానో దాచాల్సిందే. అంటే ఆ ఒక్క ఫైలు కాపీ అయితే అందరి పాస్‌వర్డ్‌లూ పోయినట్టే. జీమెయిల్ పాస్‌వర్డే ఇక్కడా పెట్టొద్దని మావాళ్లకి ముందే చెప్పేశా.