చదివిందే చదువుతున్నా ఎందుకు ఎక్కదు?

ఇంటర్ రెండో ఏడాది, హాస్టల్లో రాత్రి స్టడీ అవర్. ఫిజిక్స్‌లో ఒకే పేరా నాలుగోసారి చదువుతున్నా బుర్రకెక్కదు. పక్కవాడు పెన్ను అడిగితే చిర్రెత్తుకొస్తుంది. పెద్దవాళ్లు దీన్ని బద్ధకం అంటారు. నిజానికి అది మెదడు అలసట.

మన బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. కానీ శరీరం ఊరికే ఉన్నప్పుడు వాడే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. దృష్టి నిలపడం, కోపం ఆపుకోవడం నుదుటి వెనకున్న భాగం పని. పారిస్ పరిశోధకులు 2022లో ఒక సంగతి గమనించారు. ఆరు గంటలకు పైగా బుర్రకు గట్టిగా పనిచెప్పినవాళ్లలో, ఆ భాగంలో గ్లూటమేట్ అనే రసాయనం పేరుకుంది. సాయంత్రానికి వాళ్లు కష్టం లేకుండా చప్పున దొరికేదాని వైపే మొగ్గారు. చేతులు ఫోన్ వైపు వెళ్లడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అయితే రీల్స్ చూడటం విశ్రాంతి కాదు, అక్కడా దృష్టి ఖర్చవుతూనే ఉంటుంది. కాసేపు నడవండి, కబుర్లు చెప్పుకోండి. మీ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదివింది జ్ఞాపకంగా స్థిరపడేదీ ఎక్కువగా నిద్రలోనే. నిద్రను కోసి చదువుకు కలపమనే టైంటేబుల్ తప్పు.

వారాలు గడిచినా నీరసం తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ సమస్యలున్నా ఇలాగే ఉంటుంది. మనసు బాగా కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.