ఎర్ర ఆయిల్ పోసిన పికప్

మా పెద్దోని పికప్ 2009 మోడల్ డీజిల్ బండి. రెండో చేతిలో కొన్నాడు. గాంధీ గంజ్ నుంచి కందులు, సోయా ఏసుకొని జహీరాబాద్, హుమ్నాబాద్ తిరుగుతది. ఆ బండి నడిస్తేనే మా ఇంట్ల కిస్తీ కట్టేది, పిల్లల ఫీజు కట్టేది. పోయిన ఎండాకాలం మూడో గేరు ఏస్తుంటే గర్రుమని పళ్లు కొరికినట్టు చప్పుడు మొదలైంది. లోడుతో ఎక్కుడు ఎక్కేటప్పుడు గేరుపెట్టె నుంచి ఊళ పెట్టినట్టు శబ్దం. ఒక మెకానిక్ చూసి పెట్టె మొత్తం దించాలె, ఇరవై రెండు వేలు అయితది అన్నాడు. కోడలు ఏమనకుండ లోపలికి పోయి గాజులు తెచ్చి గూట్లో పెట్టింది. అది చూసి నాకు మనసొప్పలేదు.

"అరే, ఆ పెట్టెల నూనె ఎప్పుడు మార్చినవు?" అని అడిగిన.

వాడు తల గోక్కున్నాడు. ఇంజన్ ఆయిల్ ఎప్పుడు మార్చిండో, టైర్లు ఎప్పుడు తిప్పిండో నోటికి చెప్తడు. గేర్ ఆయిల్ సంగతి మాత్రం వానికి తెల్వదు, అమ్మినాయనకూ తెల్వదు. మనోళ్లలో శానా మంది ఇంతే. ఇంజన్ ఆయిల్ తక్కువైతే లైటు వెలుగుతది, గేరుపెట్టెకు ఆ లైటు లేదు. అందుకే దాన్ని మర్చిపోతరు.

నేను షోలాపూర్ మిల్లులో రింగ్ ఫ్రేమ్ ఖాతాలో పని చేసిన మనిషిని. నాలుగో తరగతి చదువు. నూనె విషయం మాత్రం బడిలో కాదు, ముకద్దం దగ్గర నేర్చుకున్న. కదురుకు పోసే నూనె నీళ్లలెక్క పల్చగ ఉంటది. మిషను చివర గేర్లకు పోసేది మందంగ ఉంటది. కొత్తలో ఒకనాడు నేను తొందరలో గేర్ల నూనె కదుర్లకు పోసిన. కదురు బరువెక్కి టేపు జారింది, తిప్పుడు తగ్గింది, దారానికి మెలిక సరిగ్గ పడలే. పొద్దు గూకేదాక తెగిన దారాలు అతికించుడే. ముకద్దం కొట్టలేదు గానీ, కొట్టినా బాగుండు అనిపించేటట్టు చూసిండు. ఏ యంత్రానికి ఏ నూనె అన్నది అప్పటి నుంచి మర్చిపోలే.

అందుకే బండి కింద చాప ఏసుకొని పండుకొని చూసిన. ప్రొపెల్లర్ షాఫ్టు తగిలే చోట సీలు తడిగా ఉంది, దుమ్ము పట్టి మెత్తగ పేరుకుంది. గేర్ ఆయిల్ ఇంజన్ ఆయిల్ లెక్క కాలిపోదు. తగ్గిందంటే కారిందనే అర్థం. మెల్లగ మల్ల అడిగితే పెద్దోడు అసలు మాట చెప్పిండు. నెల కింద ఆయిల్ తక్కువైందని వానికీ అనుమానం వచ్చింది. దమ్మాంలో ఉండే మా చెల్లె కొడుకుకు ఫోన్ చేసిండు. "గేర్ ఆయిల్ ఎర్రగ ఉంటది బావా" అని వాడన్నాడంట. వీడు దుకాణానికి పోయి ఎర్ర ఆయిల్ డబ్బా తెచ్చి పోసిండు. ఇంట్ల చెప్తే నేను తిడతనని దాచిండు. తిట్టిన కూడ.

దమ్మాం పిల్లగాడు అబద్ధం చెప్పలే. వాడు నడిపేది ఆటోమేటిక్ పికప్. దానికి క్లచ్ పెడలే ఉండదు, దాని గేరుపెట్టె లోపల నూనె చేసే పనే వేరు. ఇంజన్ బలం ముందుగాల టార్క్ కన్వర్టర్ అనే గిన్నెలాంటి దాంట్ల నూనె ద్వారానే గేర్లకు పోతది. ఆ నూనె ఒత్తిడితోనే క్లచ్ ప్లేట్లు పట్టుకుంటయి, విడుస్తయి. వేడిని మోసుకపోయేదీ అదే. కారితే గుర్తు పట్టుటానికి దానికి ఎర్ర రంగు కలుపుతరు. అమెరికాలో 1970ల మొదటి దాక ఈ నూనెల్లో తిమింగలం నూనె కూడ కలిపేటోళ్లు, తిమింగలాలను కాపాడే చట్టాలు వచ్చినంక మానేసిండ్రు. మా మనుమడు ఇది చదివి చెప్తే నేను మొదట నమ్మలే. అసుంటి బండ్లకు కింది పళ్లెం విప్పి నూనె తీసినా మొత్తం రాదు, సగం దాక కన్వర్టర్లనే ఉండిపోతది. ఫిల్టర్ మార్చాలె, శానా బండ్లల్ల ఇంజన్ నడుస్తుండగ, నూనె వేడిగ ఉన్నప్పుడే మట్టం చూడాలె. ఎర్ర నూనె నల్లబడి మాడిన వాసన వస్తే లోపల ప్లేట్లు కాలినట్టు.

మన దగ్గర సరుకు మోసే పికప్పులు దాదాపు అన్నీ చేత్తో గేరు ఏసేవే. ఇక్కడ దుకాణాల్ల ఎర్ర ఆయిల్ అంటే పవర్ స్టీరింగుకు పోసేది. మాన్యువల్ గేరుపెట్టెకు కూడ ఎర్ర ఆయిలే పొయ్యమని చెప్పే కంపెనీలు కొన్ని ఉన్నయి, అది ఆ బండి పుస్తకంల రాసి ఉంటది. మా బండి పుస్తకంల 80 డబ్ల్యూ 90 అని ఉంది. ఎర్రది దానికంటే శానా పల్చన. బరువు మీద పడ్డప్పుడు పళ్ల నడుమ నిలవదు.

డబ్బా మీద ఇంకో అక్షరం చూడాలె. జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని రెండు రకాలు. ఐదు పెద్ద నంబరు కదా, అదే మంచిదని దుకాణపోడు ఇస్తడు, మనం తెచ్చుకుంటం. ఐదుల గంధకం, భాస్వరం మందు ఎక్కువ. వెనుక డిఫరెన్షియల్ పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంట తిరుగుతయి, వాటికి అది కావాలె. గేరుపెట్టెల మాత్రం పళ్లు కలిసే ముందు వేగం సమానం చేసే ఇత్తడి రింగులుంటయి. ఆ మందు ఘాటు ఆ ఇత్తడిని తినే ప్రమాదం ఉంది. కాబట్టి పుస్తకంల నాలుగంటే నాలుగే తేవాలె.

ఆదివారం పొద్దుగాల పని మొదలు పెట్టినం. బండిని నాలుగైదు కిలోమీటర్లు తిప్పుకొని రమ్మన్న, వేడెక్కితే నూనె పల్చబడి అడుగున ఉన్న మురికితోసహ కిందికి వస్తది. సమంగ ఉన్న నేల మీద పెట్టి చక్రాలకు బండలు అడ్డం పెట్టినం. ఒక మాట చెప్తున్న, జాకీ మీద లేపిన బండి కింద మనిషి పోవద్దు. మా గల్లీల ఒకసారి జాకీ జారింది. ఆ పిల్లగాడు అప్పుడే పానా కోసం బయటికి వచ్చిండు కాబట్టి బతికిండు. మా పికప్ ఎత్తుగ ఉంటది, లేపే పనే లేదు.

పెద్దోడు కింది మూత విప్పబోయిండు. "ఆగు, ముందు పై మూత విప్పు" అన్న. "కింద పట్టుకుంటే ఒడువదా నాయినా?" అన్నడు. ఒడుస్తది. నూనె అంత కారిపోయినంక పోసే మూత రాకపోతే బండి అక్కడనే కూసుంటది, తెల్లారి లోడు వేరేటోనికి పోతది. నిజంగనే అది రాలే. వెనుక ఎవడో పైపు ఏసి బిగించిండు, అంచులు గుండ్రమైనయి. డీజిల్ పోసి తెల్లారేదాక నాననిచ్చినం. సోమవారం లోడు అయినంక సాయంత్రం సరైన సాకెట్ తెచ్చి సుత్తితో రెండు దెబ్బలేసి తిప్పితే వచ్చింది. కింది మూత ముందు తీసుంటే ఏమయ్యేదో వానికి అప్పుడు తెలిసింది, నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

నూనె పట్టడానికి పాత తట్ట పెట్టినం. నల్లగ, అక్కడక్కడ ఎర్ర చారలతో కారింది. సీసాతో కొలిస్తే పోయాల్సిన దాంట్ల సగం కంటే కొంచెం ఎక్కువ ఉంది. ఇన్ని రోజులు సగం కడుపుతో పని చేసింది ఆ పెట్టె. కింది మూతకు అయస్కాంతం ఉంటది. దానికి కాటుక లెక్క మెత్తటి ఇనుప పొడి అంటింది. పొడికి భయపడొద్దు, అరుగుదల ఉంటనే ఉంటది. ముక్కలు, పళ్ల పెచ్చులు ఉంటే అప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాలె. మాకు ముక్కలు లేవు గానీ నూనెల బంగారు రంగు మెరుపు కనబడింది. అది ఇత్తడి రింగుల పొడి. అంటే మెకానిక్ చెప్పింది పూర్తి అబద్ధమేం కాదు, రింగు కొంత అరిగింది.

సీలు కొత్తది ఏసినం, మూతకు కొత్త వాషర్ పెట్టినం. పైనుంచి గరాటుకు సన్నటి పైపు తగిలించి, పక్క మూత బొక్క నుంచి నూనె బయటికి సన్నగ కారేదాక పోసినం. అదే మట్టం. చిటికెన వేలు వంచి పెట్టినా తెలుస్తది. ఎక్కువ పోస్తే మంచిదని కొందరు అనుకుంటరు. ఎక్కువైతే నురగ వచ్చి సీలు తోసుకొని బయటికే వస్తది.

పాత నూనె సంగతి. మా దగ్గర కొందరు దాన్ని మోరీల పోస్తరు, కట్టెకు చెదలు పట్టొద్దని పూస్తరు. బీదర్ కింద ఉన్నది ఎర్ర జంబిట రాయి, నీళ్లు దాంట్ల నుంచి ఇంకుతయి. నౌబాద్ దగ్గర బహమనీ రాజుల కాలం నాటి కరేజ్ ఆ రాయిల తొలిచిందే, భూమి లోపలనే నీళ్లు పారేది. ఆ రాజులు అంత కష్టపడి తవ్విన దాంట్లకు మనం నల్ల నూనె పంపుడేంది? డబ్బాల పట్టి మూత బిగించి, పాత ఆయిల్ కొనేటోనికి ఇచ్చినం. పైసలు పెద్దగ రాలే.

తెల్లారి జహీరాబాద్ లోడు. పెద్దోడు మధ్యాహ్నం ఫోన్ చేసి, "నాయినా, ఊళ పోయింది" అన్నడు. మూడో గేరు? వేడెక్కినంక మెత్తగ పడుతుంది. పొద్దుగాల చల్లగ ఉన్నప్పుడు ఇంకా గొణుగుతది, రెండు మూడు సార్లు తొందర పడొద్దని చెప్పిన. వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక లోపల మిగిలిన ఎర్ర నూనె పోవాలని మళ్లొకసారి మార్చినం. రెండుసార్ల నూనె, సీలు, వాషర్లు కలిపి మూడు వేల లోపే అయ్యింది. రింగు ఎప్పటికైనా మార్చాల్సిందే, దానికి నెలకు ఐదు వందలు డబ్బాలో ఏస్తున్నం. గాజులు కోడలు చేతికే ఉన్నయి.

ఇప్పుడు ఆదివారం రాత్రి బండి కింద పాత అట్ట ముక్క పరిచి పెడుతున్నడు పెద్దోడు. తెల్లారి లేచి ఛాయ్ కంటే ముందు దాని మీద చుక్క పడిందా అని చూస్తడు.