ఎక్కిళ్ళు – రెండు దినముల గడువు

ఎక్కిళ్ళు ఎరుగనివారు లోకమున లేరు. నాట్ల దినములలో ఆకలిగొని గట్టుపై కూర్చుండి కారపుకూటిని గబగబ మ్రింగువారికిని, పాలు త్రాగిన పసిబిడ్డకును ఇవి వచ్చుచునే యుండును. మన పల్లెలలో ఎవరికైన ఎక్కిళ్ళు వచ్చినచో “ఎవరో తలచుకొనుచున్నారు” అని నవ్వుదురు, పిల్లలనైన “ఏమి దొంగిలించి తింటివి?” అని బెదరింతురు. అందు తప్పులేదు. కాని ఈ ఎక్కిలియే ఒక్కొక్కప్పుడు లోపలి పెద్దరోగమునకు గుర్తు. ఏది నవ్వి విడువదగినదో, ఏది వైద్యునికి చూపదగినదో సభ్యులకు తెలుపనెంచి యిది వ్రాయుచున్నాము.

రొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె వంగిన కండరపు పొర యొకటి కలదు. దానిని ఉదరవితానమందురు. కొలిమితిత్తి విచ్చుకొన్నపుడు గాలి చొచ్చునట్లు, ఈ పొర క్రిందికి దిగినపుడు ఊపిరి లోనికి వచ్చును. మెడనుండి బయలుదేరి గుండె ప్రక్కగా దిగు రెండు నరములు దీనిని నడుపును. ఆ నరములకు గాని, కడుపునుండి మెదడునకు పోవు నరమునకు గాని, మెదడునకు గాని బాధ కలిగినచో పొర హఠాత్తుగా ముడుచుకొనును. గాలి లోనికి దూసికొనివచ్చును. వెంటనే గొంతులోని ద్వారము మూసికొనును. అప్పుడు పుట్టు శబ్దమే ఎక్కిలి. మడికి నీరందనపుడు తూము మొదలుకొని కాలువ పొడవునను వెదకుదుము గదా! అట్లే ఎక్కిలికి కారణము కడుపున ఉండవచ్చును, రొమ్మున ఉండవచ్చును, తలలోనైనను ఉండవచ్చును.

సాధారణముగా కారణము కడుపే. త్వరత్వరగా తినుట, మితిమీరి తినుట, కారము, మద్యము, సోడా – వీనిచే కడుపుబ్బి పొరను ఒత్తును. ఇట్టివి కొన్ని నిమిషములలో తమంతనే తగ్గును. ఊపిరిని కొలదిసేపు బిగబట్టుట, చల్లని నీటిని గుక్కగుక్కగా త్రాగుట మేలు. 1971వ సంవత్సరమున అమెరికాలోని వైద్యులు 20 మందికి చెంచెడు పొడి చక్కెర మ్రింగించి చూడగా 19 మందికి ఎక్కిళ్ళు ఆగినవి. మధుమేహము కలవారు చక్కెరను, గుండెజబ్బు కలవారు ఊపిరి బిగబట్టుటను మానవలెను. పసిబిడ్డకు చక్కెర గాని నీరు గాని పోయరాదు. భుజముపై నిలువుగా ఎత్తుకొని త్రేనుపు వచ్చునట్లు వీపు నిమిరిన చాలును.

ఇక ముఖ్యవిషయము. 48 గంటలు గడచినను ఎక్కిళ్ళు ఆగనిచో ఇంటిచిట్కాలు చాలించి వైద్యుని చూడవలెను. మూత్రపిండములు చెడి రక్తమున మలినములు పేరుకొన్నను, మెదడున రక్తప్రసారము తప్పినను, రొమ్మునందో కడుపునందో గడ్డ పెరిగినను ఎక్కిళ్ళు విడువక వచ్చును. ఎక్కిళ్ళతోపాటు రొమ్మునొప్పి, మాట తడబడుట, ఒక ప్రక్క కాలుసేతులు పడిపోవుట కనిపించినచో రెండు దినములు కాదు, రెండు గడియలైనను ఆగరాదు. వెంటనే 108 బండిని పిలిచి జనగామ జిల్లా ఆసుపత్రికి గాని వరంగల్లులోని మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకు గాని చేర్పవలెను. మూత్రము తగ్గి ముఖము, పాదములు వాచినను ఆలసింపక చూపవలెను.

ఈ భేదము మన పూర్వులును ఎరిగినదే. చరకసంహిత హిక్కను ఐదు విధములుగా విభజించి, అన్నజము, క్షుద్రము సులభసాధ్యములనియు, మహాహిక్క, గంభీరహిక్క ప్రాణాపాయకరములనియు తెలిపినది. అట్లని దీర్ఘకాలపు ఎక్కిళ్ళన్నియు ప్రాణాంతకములు కావు. అమెరికాలోని అయోవా రాష్ట్రమున చార్లెస్ ఆస్బర్న్ అనునతనికి 1922లో పందిని తూచుచుండగా మొదలైన ఎక్కిళ్ళు 1990 వరకు, అనగా 68 ఏండ్లు, సాగినవి. అతడు పెండ్లాడి, బిడ్డలను గని, సంసారము నడపెను. కాని అట్టివారు బహు అరుదు. ఆ యొక్కని చూచి ధైర్యము తెచ్చుకొని ఇంట కూర్చుండుట వివేకము కాదు.

విడువని ఎక్కిళ్ళను ఆపు మందులు కలవు. అవి మగతను కలిగించి రక్తపుపోటును తగ్గింపగలవు గనుక వైద్యుడు వ్రాసి ఇచ్చిననే వాడవలెను. అంతకన్న ముఖ్యము మూలరోగమును కనుగొనుట. మంత్రములకును తాయెత్తులకును పోయిన దినములు తిరిగిరావు. పైరున తెగులు మొదట ఒక మూలనే కనిపించును. అప్పుడే చూచినవాని చేను నిలుచును. దేహమును గూర్చియు అంతే. చదువనేర్చిన సభ్యులు దీనిని ఇరుగుపొరుగువారికి చదివి వినిపింపగలరని ఆశించుచున్నాము.