ఒక్క రక్త పరీక్షతో సెప్సిస్ తేలిపోతుందా?

"రక్తం తీశారు కదండీ, జబ్బేమిటో తేలిందా?" రాత్రంతా వార్డు వరండాలో కూర్చున్న ఇంటివారు ఉదయాన్నే మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇది. రోగికి సెప్సిస్ ఉందేమోనని అనుమానించినప్పుడు దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పలేము. ఎందుకో ఈ సంచికలో వివరిస్తాము.

సెప్సిస్ అంటే ఏమిటి?

పత్తి చేలో పని చేస్తున్న ఒక తల్లి కాలికి పత్తికట్టె మోడు గుచ్చుకుందనుకుందాం. పసుపు రాసుకొని మర్నాడు మళ్ళీ కూలికి వెళ్ళింది. మూడోనాటికి కాలు వాచి చలిజ్వరం వచ్చింది. ఊళ్ళో ఆర్.ఎం.పి. గారు ఇంజక్షన్ చేశారు. ఐదోనాటికి ఆయాసం, మాట తడబాటు, ఉదయం నుంచి మూత్రం లేదు. ఇప్పుడు ప్రమాదం కాలితో ఆగలేదు. క్రిములతో పోరాడవలసిన శరీరం అదుపు తప్పి తన అవయవాలనే దెబ్బతీసుకుంటోంది. ఇదే సెప్సిస్. 2017లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల 89 లక్షల మందికి ఇది వచ్చిందనీ, వారిలో 1 కోటి 10 లక్షల మంది మరణించారనీ అంచనా.

రక్తంలో ఏం చూస్తారు?

1883లో గుంటూరు వచ్చి, స్త్రీలకూ పిల్లలకూ వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె రోజుల్లో ఇలాంటి రోగిని కంటితో చూసి, చేత్తో తాకి తెలుసుకోవలసిందే. అదే 1930లో న్యూయార్కులో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు వైద్యులు న్యుమోనియా రోగుల రక్తంలో ఒక కొత్త పదార్థాన్ని గుర్తించారు. దానినే నేడు సి.ఆర్.పి. అంటున్నాము. ఇలా జబ్బు జాడ చెప్పే రక్తంలోని పదార్థాలే బయోమార్కర్లు. ముఖ్యమైనవి మూడు:

సి.ఆర్.పి.: ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే కాలేయం దీనిని తయారు చేస్తుంది. ఖర్చు తక్కువ. కాని కీళ్ళవాతంలోనూ, ఆపరేషన్ తరువాతా పెరుగుతుంది.

ప్రోకాల్సిటోనిన్: బాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో పెరుగుతుందని 1993లో ఫ్రెంచి వైద్యులు తెలిపారు. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది. సాధారణంగా మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల కంటె తక్కువుంటే సెప్సిస్ అవకాశం తక్కువనీ, 2 దాటితే ఎక్కువనీ భావిస్తారు. అయితే పెద్ద గాయాలు, కాలిన గాయాలు, మలేరియా ఉన్నా పెరగవచ్చు. పుట్టిన మొదటి రెండు రోజుల్లో శిశువులకు సహజంగానే ఎక్కువగా ఉంటుంది.

లాక్టేట్: శరీర కణాలకు రక్తప్రసారం, ప్రాణవాయువు సరిగా అందడం లేదని హెచ్చరిస్తుంది. 2 దాటితే జాగ్రత్త పడతాము. మూర్ఛలు వచ్చినా, కొన్ని విషాల వల్లా ఇది పెరుగుతుంది. అందుకే రోగి పురుగుమందు కొట్టి వచ్చి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి.

మరి ఈ అంకెలు చాలవా?

చాలవు. ఇవి సాక్షులే గాని తీర్పరులు కావు. ఏ క్రిమి పట్టిందో చెప్పలేవు. పొదల్లో ఉండే చిన్న పురుగుల వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లోనూ ప్రోకాల్సిటోనిన్ పెరుగుతుంది. కాని దానికి పెన్సిలిన్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ కావాలి. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబపు మందు. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లే సంస్థ నుంచి 1948లో వచ్చింది. అందుకే చంకల్లో, గజ్జల్లో నల్లగా చెక్కు కట్టిన పుండు ఉందేమో మేము వెదుకుతాము. ఆ పని ఏ మిషనూ చేయదు.

క్రిమిని పట్టుకోవడానికి బ్లడ్ కల్చర్ చేస్తాము. దానికి ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ముందే యాంటీబయాటిక్ ఇంజక్షన్ పడితే క్రిమి కల్చర్‌లో దొరకకపోవచ్చు.

అందువల్ల రిపోర్టు కోసం వైద్యం ఆపము. యాంటీబయాటిక్ మొదలుపెట్టాలా వద్దా అన్నది ప్రోకాల్సిటోనిన్‌ను బట్టి నిర్ణయించవద్దని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. షాక్ ఉంటే గంటలోపే మందు పడాలి.

అయితే ఈ పరీక్ష ఎందుకు?

మందు ఎప్పుడు ఆపాలో తెలుసుకోవడానికి. మొదటి రోజు అంకె కంటె, అది రోజురోజుకూ తగ్గుతోందా అన్నదే ముఖ్యం. 2024లో వెలువడిన బ్రిటన్ పరిశోధనలో 2,760 మంది రోగులను చూశారు. ప్రోకాల్సిటోనిన్ చూస్తూ నడిపిన వైద్యంలో యాంటీబయాటిక్ వాడకం సుమారు ఒక రోజు తగ్గింది, రోగులకు హాని పెరగలేదు. సి.ఆర్.పి.తో ఆ ఫలితం రాలేదు. ఒక రోజు మందు తగ్గితే ఖర్చు తగ్గుతుంది, మందులకు లొంగని క్రిములు పెరగడమూ తగ్గుతుంది. రెండోసారి రక్తం తీసినప్పుడు "మళ్ళీ ఎందుకండీ?" అని విసుక్కోకండి.

మీరు చేయవలసినది

జ్వరం గాని, పుండు గాని ఉన్నవారికి ఈ లక్షణాలలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేయండి:

• ఆయాసం, వేగంగా ఊపిరి
• మగత, పొంతన లేని మాటలు
• మూత్రం బాగా తగ్గడం
• చేతులు, కాళ్ళు చల్లబడడం, చర్మంపై మచ్చలు

ముసలివారికీ పసిపిల్లలకూ జ్వరం లేకుండానే సెప్సిస్ రావచ్చు. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్ళు చల్లబడినా వెంటనే తీసుకురండి. ఊళ్ళో వాడిన మందుల చీటీ, ఖాళీ సీసాలు వెంట తెండి.

పైన చెప్పిన తల్లిని ఐదోనాడు కాక, కాలు వాచిన మూడోనాడే తీసుకువస్తే ఆమె తిరిగి ఇంటికి వెళ్ళే అవకాశం ఎంతో ఎక్కువ. ఆ రెండు రోజులను ఏ రక్త పరీక్షా తిరిగి తేలేదు.