మోకాటి లోతు నీళ్లు, కింద గడ్డి: ఏ ఫిన్ బిగించాలి?

టెక్సాస్ తీరంలో కార్పస్ క్రిస్టీ నగరానికి దక్షిణాన బర్డ్ ఐలాండ్ బేసిన్ అనే చోటుంది. అక్కడ నీళ్లలో పడినవాడు ఈదడు, లేచి నిలబడతాడు. నీళ్లు నడుము దాకా ఉంటాయి, కొన్నిచోట్ల మోకాళ్లు దాటవు. వసంతం వచ్చిందంటే మెక్సికో సింధుశాఖ మీంచి ఆగ్నేయపు గాలి రోజుల తరబడి వీస్తుంది. మధ్యలో అడ్డంగా ఉన్న పాడ్రే దీవి అలలను ఆపుతుందే గానీ గాలిని ఆపలేదు. తెరచాప కట్టిన పలక మీద నిలబడి నీటి మీద పరుగులు తీసే విండ్‌సర్ఫింగ్ ఆటకు ఇంతకంటే అనువైన చోటు దొరకడం కష్టం.

ఒక్కటే చిక్కు. బోర్డు అడుగున, వెనక వైపు నీళ్లలోకి దిగే ఫిన్ అనే రెక్క ఉంటుంది. దుకాణంలో కొత్త బోర్డుతో వచ్చే ఫిన్ చాలాసార్లు 40 సెంటీమీటర్ల దరిదాపుల్లో, దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. దాన్ని బిగించుకుని ఈ నీళ్లలోకి దిగితే రెండింట్లో ఒకటి ఖాయం: ఇసుకలో గుచ్చుకోవడమో, గడ్డిని చుట్టుకుని బ్రేకు వేసినట్టు ఆగిపోవడమో. బోర్డు ఆగుతుంది గానీ దాని మీదున్న మనిషి ఆగడు. తెరచాపతో సహా ముందుకు ఎగిరి పడతాడు. కాలు పట్టీలో ఇరుక్కుంటే చీలమండ మెలిపడుతుంది, ఫిన్ దిగే గాడి చుట్టూ బోర్డు చిట్లుతుంది.

ఆ నీటి పేరు లగూనా మాద్రే. పులికాట్ సరస్సునూ, దానికీ సముద్రానికీ నడుమ ఉన్న శ్రీహరికోటనూ చూసినవారికి ఆ భూస్వరూపం చప్పున అర్థమవుతుంది. అక్కడ శ్రీహరికోట స్థానంలో పాడ్రే దీవి ఉంది. ప్రపంచంలోకెల్లా పొడవైన అడ్డుదీవి అదే, సుమారు 180 కిలోమీటర్లు. దాని వెనక చిక్కుకున్న ఉప్పునీటి కయ్య సగటు లోతు ఒక మీటరు అటూ ఇటూ. నదుల నీరు వచ్చేది తక్కువ, ఎండకు ఆవిరయ్యేది ఎక్కువ కాబట్టి సముద్రం కంటే ఉప్పగా ఉంటుంది. పులికాట్ పక్కన బకింగ్‌హాం కాలువ ఉన్నట్టే ఇక్కడా పడవల కోసం తవ్విన కాలువ ఒకటుంది. 1949లో పూర్తయిన ఆ 12 అడుగుల లోతు కాలువ తప్పిస్తే మిగతాదంతా నడిచిపోయే నీళ్లే.

లోతు తక్కువ, నీరు తేట. ఎండ అడుగుదాకా దిగుతుంది. అందుకే అడుగునంతా సముద్రపు గడ్డి పరుచుకుంది. ఇది నాచు కాదు. వేళ్లూ ఆకులూ ఉండి, నీటి లోపలే పూలు పూసే అసలైన మొక్క. టెక్సాస్ తీరంలోని సముద్రపు గడ్డిలో ఎక్కువ వాటా ఈ లగూనాదే. విండ్‌సర్ఫర్‌కు ఇది రెండు రకాలుగా తగులుతుంది. ఒకటి, వేళ్లతో నాటుకుని నిలబడిన గడ్డి. పొట్టి ఫిన్ అయితే దాని మీంచి దాటిపోవచ్చు. రెండోది, వేసవి చివర నుంచి శీతకాలం దాకా ఆకులు రాలి, పైకి తేలి, గాలికి బారులు బారులుగా చేరే తేలుగడ్డి. ఇది నీటి పైపొరలోనే ఉంటుంది కాబట్టి ఫిన్ ఎంత పొట్టిదైనా తప్పించుకోలేదు. మొదటిదానికి మందు లోతు తగ్గించడం, రెండోదానికి మందు వాలు పెంచడం. చాలామంది ఈ రెంటినీ కలిపేసి, పొట్టి ఫిన్ కొంటే సరిపోతుందనుకుంటారు. పొట్టిగా, నిలువుగా ఉన్న ఫిన్ ఇసుకను తప్పిస్తుంది, తేలుగడ్డిని మాత్రం మూటగట్టుకుని తిరుగుతుంది.

ఇంతకీ ఫిన్ లేకుండా నడపకూడదా? నడవదు. తెరచాపను గాలి ముందుకు నెట్టేదానికంటే పక్కకు నెట్టేది ఎక్కువ. ఆ పక్కనెట్టుడును నీటిలో నిలబడి ఎదిరించేది ఫిన్. అది లేకపోతే బోర్డు గాలివాటాన కొట్టుకుపోతుంది, బయలుదేరిన ఒడ్డుకు మళ్లీ రాదు. సర్ఫింగ్‌లో ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు టామ్ బ్లేక్. 1935లో హవాయిలోని వైకీకీ దగ్గర, పాడుబడిన స్పీడుబోటు నుంచి ఊడదీసిన, కీల్ అనే లోహపు అడుగుబద్దను తన బోర్డు అడుగున బిగించి చూశాడు. పక్కకు జారే బోర్డు గీత గీసినట్టు సాగింది. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో హోయిల్ ష్వైట్జర్, జిమ్ డ్రేక్ తయారుచేసిన తొలినాటి విండ్‌సర్ఫర్‌లో ఈ పని రెండుగా పంచారు. నడిమధ్యన పైకి లాక్కోగలిగే డాగర్‌బోర్డు అనే పెద్ద పలక ఉండేది, వెనక చిన్న ఫిన్ ఉండేది. లోతు తగ్గితే పలకను పైకి లాగేవారు. 1980లలో బోర్డులు పొట్టివై వేగం పెరిగాక చాలావాటిలో డాగర్‌బోర్డు పోయింది. బరువంతా ఒక్క ఫిన్ మీద పడింది, ఫిన్‌లు పొడుగయ్యాయి. లోతులేని నీళ్ల కష్టాలు అక్కడే మొదలయ్యాయని చెప్పవచ్చు.

నిటారుగా, సన్నగా, పొడుగ్గా ఉన్న ఫిన్ తక్కువ నిరోధంతో ఎక్కువ పట్టు ఇస్తుంది. గ్లైడర్ విమానాల రెక్కలు సన్నగా బారుగా ఉండటానికీ కారణం ఇదే. అందుకే పోటీ ఫిన్‌లన్నీ ఆ బాపతు. 2008 నుంచి టోక్యో దాకా ఒలింపిక్స్‌లో వాడిన ఆర్ఎస్ఎక్స్ బోర్డుకు పురుషుల విభాగంలో 66 సెంటీమీటర్ల ఫిన్ ఉండేది. పారిస్‌లో దాని స్థానంలోకి వచ్చిన ఐక్యూఫాయిల్ అయితే బోర్డునే నీటి పైకి లేపుతుంది, కాబట్టి దానికి ఇంకా లోతు కావాలి. బర్డ్ ఐలాండ్‌లో కాలువ దాటితే ఈ రెండూ ఇసుకలో కూరుకుపోతాయి.

ఇక్కడ గడ్డి గురించి కాస్త లెక్క. ఫిన్ ముందంచుకు గడ్డిపోచ తగిలిందనుకోండి. నీటి ప్రవాహం దాన్ని వెనక్కి నెడుతుంది. అంచు నిలువుగా ఉంటే ఆ తోపంతా పోచను అంచుకే అదిమి పెడుతుంది. అంచు వెనక్కి వాలి ఉంటే తోపులో కొంత భాగం పోచను అంచు వెంబడి కిందికి జార్చుతుంది. వాలు పెరిగేకొద్దీ అదిమే భాగం తగ్గి, జార్చే భాగం పెరుగుతుంది. 45 డిగ్రీల దగ్గర రెండూ సమానం. ఒక్క పోచయితే అంతకు తక్కువ వాలులోనే జారిపోతుంది. కానీ తడి గడ్డి ఒక పోచగా రాదు, గుత్తిగా వచ్చి రెండు పక్కలా మెలిపడుతుంది. అందుకే గడ్డి కోసం చేసే వీడ్ ఫిన్‌లు ఎక్కువగా 45 డిగ్రీల అటూ ఇటూ వాలుతాయి. 25, 30 డిగ్రీల వాలుకే ‘వీడ్’ అని పేరు తగిలించి అమ్మేవీ ఉన్నాయి. అవి పలచటి గడ్డికి పనికొస్తాయి, దట్టంగా ఉన్నచోటికి కొనకపోవడమే మంచిది.

వాలుకు వెల కూడా కట్టాలి. వాలిన రెక్క అదే పట్టు ఇవ్వాలంటే విస్తీర్ణం పెరగాలి, పెరిగితే నిరోధమూ పెరుగుతుంది. అయితే ఇందులో ఒక లాభం దాగి ఉంది. 28 సెంటీమీటర్ల లోతున్న ఫిన్ 45 డిగ్రీలు వాలితే దాని అంచు పొడవు దాదాపు 40 సెంటీమీటర్లు. అంటే లోతు తగ్గినా రెక్క మరీ చిన్నదేమీ కాదు. ఆ లెక్కనే, నిలువు ఫిన్ 40 వాడేవాళ్లు వీడ్ ఫిన్‌లో 28 నుంచి 32 మధ్య చూసుకుంటే దాదాపు అదే పట్టు దొరుకుతుంది. కొలత మాత్రమే చూసి 40కి 40 వీడ్ ఫిన్ కొనేసేవాళ్లు లేకపోలేదు. ఆ బోర్డు వేగం అందుకోగానే ముక్కు పైకెత్తి, చెప్పినమాట వినదు.

వీడ్ ఫిన్ కాక మరికొన్ని దారులున్నాయి. డెల్టా అనేది బోర్డుకు ఆనుకునే మొదలు బాగా పొడవుగా, లోతు మాత్రం జానెడుగా ఉండే త్రికోణం. మరీ తక్కువ నీళ్లకు దానికి సాటి లేదు. ముందంచు బాగా వాలి ఉంటుంది కాబట్టి గడ్డీ నిలవదు. కాకపోతే పాదం కింద దాని తీరు వేరు. పెద్ద ఫిన్ మీద వెనకకాలు బలంగా నొక్కి గాలికి ఎదురెక్కే అలవాటున్నవాళ్లకు అది జారిపోతున్నట్టుంటుంది. కాలి కింద నొక్కుడు తగ్గించి, బోర్డును చదునుగా నడిపేవాళ్లు త్వరగానే సర్దుకుంటారు. లెసాకర్ వారి డ్యుయో వీడ్ ఇంకో ఉపాయం పన్నింది: ఒకే మొదలు మీద ఒకదాని వెనక ఒకటిగా రెండు పొట్టి వాలు రెక్కలు. పెద్ద తెరచాపకు కావలసిన విస్తీర్ణాన్ని తక్కువ లోతులో సర్దడానికి ఇది తెలివైన మార్గం. ఇక అలల బోర్డులకు ఉండే మూడు ఫిన్‌ల అమరిక లోతును బాగానే తగ్గిస్తుంది గానీ, గడ్డి నీళ్లలో అది మూడు కొక్కేలు వేసినట్టే. లోతులేని శుభ్రమైన ఇసుక నీళ్లకు సరే, లగూనా మాద్రేకు కాదు.

బేరం ఎక్కువగా తప్పేది ఇంకోచోట. ఫిన్ తల బోర్డులోని గాడికి సరిపోవాలి. పవర్ బాక్స్, టటిల్, డీప్ టటిల్, యూఎస్ బాక్స్, స్లాట్ బాక్స్ అని రకరకాలున్నాయి. చాలావరకు ఒకదానిది ఇంకోదానిలో పట్టదు. టటిల్, డీప్ టటిల్ అన్నదమ్ముల్లాంటి పేర్లే అయినా డీప్ తల మామూలు టటిల్ గాడిలో పూర్తిగా దిగదు. తల సరిపోయినా, ఫిన్‌కూ బోర్డుకూ నడుమ సందు మిగిలితే గడ్డి ముందు అక్కడే పట్టుకుంటుంది. ముందంచు మీద గవ్వ తగిలి పడ్డ నొక్కు కూడా అంతే పని చేస్తుంది. జీ10 అనే గ్లాసుఫైబర్ పలకతో చేసిన ఫిన్ అయితే తడిపిన సన్నటి గరుకు కాగితంతో ఆ నొక్కును ఇంట్లోనే రుద్ది నునుపు చేసుకోవచ్చు. గడ్డి నీళ్లలో ఖరీదైన కార్బన్ ఫిన్ కంటే నునుపు చేసిన జీ10 మేలు.

తెరచాప సంగతి చివర్లో రావడం కొందరికి తలకిందులుగా తోచవచ్చు. అమ్మేవాళ్లు ముందు అడిగేది తెరచాప ఎంత, బోర్డు వెడల్పెంత అనే. లోతైన నీళ్లకు అది సబబే. ఇక్కడ మాత్రం నీరే ముందు. ఆడే చోట అత్యంత తక్కువ లోతు ఎంతో చూసుకుని, అందులోంచి 15 సెంటీమీటర్లయినా తీసేయాలి. ఎందుకంటే గాలి తగ్గి బోర్డు నెమ్మదించగానే మనిషి బరువుకు వెనక భాగం నీళ్లలోకి దిగుతుంది; పరుగులో దాటిన చోటే ఆగితే తగులుతుంది. మోకాటి లోతు 45 అనుకుంటే ఫిన్‌కు మిగిలేది 30. అంత ఫిన్ మోయగలిగిన తెరచాప ఎంతో అప్పుడు చూసుకోవాలి. తొమ్మిది చదరపు మీటర్ల తెరచాప, 85 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు ఆ లెక్కలో ఇమడవు. చిన్న తెరచాప సరిపోయేంత గాలి కోసం ఎదురుచూడటం తప్ప వేరే ఉపాయం లేదు.

నడిపే తీరు కూడా కొంత మారాలి. వాలు ఫిన్ మీద బోర్డు నెమ్మదిగా ఉండగానే వెనకకాలు తన్నితే పైనుంచి గాలి బుడగ ఫిన్ పక్కకు జారి, పట్టు ఒక్కసారిగా పోతుంది. స్పిన్ అవుట్ అంటారు దాన్ని. ముందు గాలివాటానికి కొంచెం తిప్పి వేగం అందుకుని, తర్వాత నింపాదిగా ఎదురెక్కాలి. గడ్డి చుట్టుకుందని అనుమానం వస్తే చిన్న అల మీద బోర్డును కాస్త ఎగరేసినా, ఆగి ఒక అడుగు వెనక్కి లాగినా ఊడిపోతుంది. లగూనాలో దిగి నిలబడేవాళ్లు పాదాలు ఎత్తి వేయకుండా ఈడ్చుతూ నడవాలి. ఇసుకలో దాక్కునే టేకు చేపలు ఆ కదలికకు తప్పుకుంటాయి. కాళ్లకు చెప్పులు కాదు, బూట్లుండాలి.

గడ్డిని తిట్టుకోవడం మాత్రం దండగ. నెదర్లాండ్స్‌లో మార్కర్‌మేర్, హోయ్‌మేర్ సరస్సుల కథ చూస్తే చాలు. అక్కడ నీటిలోకి చేరే భాస్వరం తగ్గి, నీరు తేటపడ్డాక అడుగున నీటిగడ్డి విపరీతంగా పెరిగింది. ఇప్పుడు వేసవిలో పడవల దారుల కోసం యంత్రాలతో కోయిస్తున్నారు. నీరు బాగుపడటమే తెరచాప పడవలకు తలనొప్పి అయింది. టెక్సాస్‌లోనైతే గడ్డిదే పైచేయి. ఉత్తర అమెరికాలోని రెడ్‌హెడ్ బాతుల్లో అధిక భాగం చలికాలం లగూనా మాద్రేలోనే గడుపుతూ ఈ గడ్డి దుంపల మీద బతుకుతాయి. మరపడవల ప్రొపెల్లర్లు గడ్డిని వేళ్లతో సహా పెకలిస్తే ఆ మచ్చ పూడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే ప్రొపెల్లరుతో సముద్రపు గడ్డిని పెకలించడాన్ని 2013లో ఆ రాష్ట్రం చట్టంతో నిషేధించింది. ఆ చట్టం విండ్‌సర్ఫింగ్ ఫిన్ కోసం రాసింది కాదు. అయినా ఇసుకను దున్నుకుంటూ పోయే పొడుగు ఫిన్ చేసేది కొంచెం అలాంటి పనే.

బర్డ్ ఐలాండ్ లాంటి నీళ్లలో ఆడేవాళ్లు ఒక్క ఫిన్నే కొనదలిస్తే, 28 నుంచి 30 సెంటీమీటర్ల లోతు, 45 డిగ్రీల వాలు ఉన్న జీ10 వీడ్ ఫిన్ కొనాలి. ఆరు చదరపు మీటర్ల దరిదాపు తెరచాపకు అది చాలు. రెండోదానికి డబ్బుంటే డెల్టా. బోర్డుతో వచ్చిన పొడుగు ఫిన్‌ను అమ్మేయనక్కర్లేదు, కాలువ వైపు లోతు నీళ్లకు ఎప్పుడైనా పనికొస్తుంది. డబ్బు చెల్లించేముందు బోర్డు తిరగేసి బాక్స్ ఏ రకమో చూసుకోండి.